గుర్రం మీంచి పడితే కేసు వేయాలా? క్లబ్ విచారణకు వదిలేయాలా? మీ హక్కులేంటి?

ఆదివారం సాయంత్రం. వన్ టౌన్ నుంచి పిల్లల్ని తీసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లారనుకుందాం. ముంత మసాలా తినడం అయింది, అలల్లో కాళ్లు తడుపుకోవడం అయింది. ఇంతలో పూసల దండలు వేసిన గుర్రం ఒకటి ఎదురొచ్చింది. "ఒక్క రౌండ్ నాన్నా" అని బాబు మారాం చేశాడు. కాదనలేక ఎక్కించారు. సగం దూరం వెళ్లాక ఎక్కడో పెద్ద శబ్దం. గుర్రం బెదిరి పక్కకు దూకింది. బాబు కింద పడ్డాడు. ముంజేయి విరిగింది.

గుర్రం నడిపే మనిషి పరుగెత్తుకొచ్చి, "ఆస్పత్రి ఖర్చు నేను చూసుకుంటాను బాబూ, కేసుల దాకా ఎందుకు" అంటాడు. ఇదే ప్రమాదం ఒక రైడింగ్ అకాడమీలో జరిగితే మేనేజర్ మాట ఇంకోలా ఉంటుంది. "మా కమిటీ విచారణ చేస్తుంది సార్. రిపోర్టు వచ్చేవరకు ఆగండి."

ఈ రెండు మాటల్లో దేన్ని నమ్మాలి? పోలీసుల దగ్గరకు వెళ్లాలా? కన్స్యూమర్ కమిషన్‌కా? లేక వాళ్లే సర్దుబాటు చేస్తారని ఊరుకోవాలా?

ఇది బీచ్ గుర్రాలకే పరిమితమైన ప్రశ్న కాదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత జట్టు డ్రెసాజ్‌లో స్వర్ణం గెలిచింది. గుర్రపు స్వారీలో మన దేశానికి 41 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణం అది. రైడింగ్ నేర్పించమని అడిగే పిల్లలు ఇప్పుడు మామూలు ఇళ్లలోనూ ఉన్నారు. బోటింగ్, పారాసెయిలింగ్, జిప్‌లైన్‌లకు కూడా ఇక్కడ చెప్పే విషయాల్లో చాలా వరకు వర్తిస్తాయి.

ముందుగా క్లుప్తంగా

క్లబ్ విచారణ, కోర్టు కేసు ఒకే పని చేయవు. మొదటిది ప్రమాదం ఎందుకు జరిగిందో తేల్చి, మళ్లీ జరగకుండా చూడటానికి. రెండోది మీకు జరిగిన నష్టానికి బాధ్యులెవరో తేల్చి, పరిహారం ఇప్పించడానికి. ఒకటి నడుస్తోందని రెండోదాన్ని ఆపాల్సిన పని లేదు. ముఖ్యంగా ఒక విషయం గుర్తుపెట్టుకోండి. వాళ్ల విచారణ ఎన్ని నెలలు సాగినా మీ కేసు గడువు మాత్రం ఆగదు.

క్లబ్ విచారణతో ఏం వస్తుంది? ఏం రాదు?

గుర్రపు స్వారీ ఒక క్రీడగా ప్రపంచమంతటా సొంత నియమాలతో నడుస్తుంది. పైన అంతర్జాతీయ సమాఖ్య, దాని కింద దేశానికో సంఘం ఉంటాయి. మన దేశంలో ఆ సంఘం ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. గుర్రప్పందేలది వేరే వ్యవస్థ. హైదరాబాద్ మలక్‌పేటలో ఉన్నలాంటి రేస్ క్లబ్బులు తమ నిబంధనల ప్రకారం స్టీవార్డులను పెట్టుకుంటాయి. రేసులో ఏదైనా తేడా జరిగితే విచారించేది వాళ్లే.

ఈ విచారణలకు కొన్ని అధికారాలు ఉంటాయి. ప్రమాదకరంగా స్వారీ చేసినవాళ్లను హెచ్చరించవచ్చు, జరిమానా వేయవచ్చు, కొంతకాలం నిషేధించవచ్చు. అడ్డంకుల డిజైన్ మార్చవచ్చు, హెల్మెట్ నియమాలు కఠినం చేయవచ్చు.

మీ ఆస్పత్రి బిల్లు కట్టించే అధికారం మాత్రం వాటికి లేదు. పైగా అవి నియమాలు వర్తింపజేసేది తమ సభ్యులకు, తమ పోటీలకే. బీచ్‌లో గుర్రం నడిపే వ్యక్తి ఏ ఫెడరేషన్‌లోనూ సభ్యుడు కాకపోవచ్చు. అక్కడ విచారించే కమిటీయే ఉండదు.

మరి స్వీయ నియంత్రణ ఎప్పుడైనా పని చేసిందా?

చేసింది. అందుకే దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.

1999లో బ్రిటన్‌లో ఈవెంటింగ్ అనే పోటీల్లో ఒకే సంవత్సరంలో ఐదుగురు రైడర్లు చనిపోయారు. పొలాలు, కాలువలు, దుంగల మీదుగా గుర్రాన్ని దూకించే విభాగం ఇందులో ఉంటుంది. ఈ మరణాల తర్వాత క్రీడా సంఘాలు నిపుణుల కమిటీ వేశాయి. మరుసటి ఏడాది నివేదిక వచ్చింది. అన్నింటికంటే ప్రమాదకరమైనది గుర్రం అడ్డంకికి తగిలి పల్టీ కొట్టి, రైడర్ మీద పడటమేనని తేలింది. దాన్ని ఆపడమే మొదటి లక్ష్యం కావాలని కమిటీ చెప్పింది.

దాని ఫలితమే ఫ్రాంజిబుల్ పిన్. దుంగను పట్టి ఉంచే ఈ పిన్, గుర్రం గట్టిగా తగిలినప్పుడు విరిగి దుంగను కిందకు వదిలేస్తుంది. దాంతో గుర్రం పల్టీ కొట్టే అవకాశం తగ్గుతుంది. ఇలాంటి పరికరాలను ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు.

ఏ జడ్జీ అలాంటి పిన్‌ను డిజైన్ చేయలేరు. ఆ పని ఆట తెలిసినవాళ్లే చేయాలి. అయితే అక్కడ ఒక సంఘం ఉంది, ప్రమాదాల లెక్క ఉంది, బయటివాళ్లు చూసేలా నివేదిక ఉంది. ఈ మూడూ లేని చోట "మేమే చూసుకుంటాం" అన్నది మాటగానే మిగిలిపోతుంది.

కోర్టుకు వెళ్తే పరిహారం ఖాయమా?

కాదు. ఆటలో రిస్కు ఉంటుందని తెలిసే వెళ్లాం కదా అన్న వాదన మీకు మొదట ఎదురవుతుంది.

దీనికి ఇంగ్లండ్‌లోని పాత కేసు ఒకటి ప్రపంచమంతా ఉదహరిస్తారు. పేరు వూల్డ్రిడ్జ్ వర్సెస్ సమ్నర్. లండన్‌లోని వైట్ సిటీ స్టేడియంలో 1959లో జరిగిన హార్స్ షోలో, ట్రాక్ పక్కన నిలబడ్డ ఫొటోగ్రాఫర్‌ను గుర్రం గుద్దింది. రైడర్ వేగంగా మలుపు తిప్పాడన్నది ఆరోపణ. 1962లో అప్పీలు కోర్టు ఫొటోగ్రాఫర్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. పోటీ వేడిలో జరిగే చిన్న పొరపాటు నిర్లక్ష్యం కాదని, ప్రేక్షకుల భద్రతను బొత్తిగా పట్టించుకోకుండా ప్రవర్తిస్తేనే బాధ్యత వస్తుందని చెప్పింది.

దీన్నిబట్టి తేడా ఎక్కడుందో తెలుస్తుంది. గుర్రం జీవమున్న జంతువు, ఒక్కోసారి బెదురుతుంది. అది ఆటలో భాగమైన రిస్కు. కానీ జీను పట్టీ అరిగిపోయి తెగితే? తలకు హెల్మెట్ ఇవ్వకపోతే? ఏడేళ్ల పిల్లాణ్ని ఎక్కించి కళ్లెం వదిలేసి ఫోన్ చూసుకుంటూ నడిస్తే? అది ఆట రిస్కు కాదు, మనిషి నిర్లక్ష్యం. మీ కేసు నిలబడేది ఈ రెండో రకం మీదే.

విశాఖవాసులకు ఇక్కడ ఒక సందేహం రావచ్చు. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైనప్పుడు, మరుసటి రోజే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది కదా? ఇక్కడెందుకు అలా జరగదు? ప్రమాదకర పరిశ్రమల విషయంలో సూత్రం వేరు. 1986లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, అలాంటి పరిశ్రమ వల్ల హాని జరిగితే నిర్లక్ష్యం ఉందా లేదా అన్నదానితో పని లేకుండా బాధ్యత వస్తుంది. గుర్రపు స్వారీకి అది వర్తించదు. ఇక్కడ లోపం ఎక్కడుందో మీరే చూపించాలి. అందుకే సాక్ష్యం ముఖ్యం.

"మీ రిస్కు మీదే" అని బోర్డు పెట్టారు, ఫారం మీద సంతకం కూడా చేశాం. ఇక కేసు లేనట్టేనా?

అలా ఏమీ లేదు. ఇలాంటి సంతకం ఆటలో సహజంగా ఉండే రిస్కు మీకు తెలుసని చూపించడానికి పనికొస్తుంది. నిర్లక్ష్యంగా ఉండటానికి అది లైసెన్సు కాదు. ఒకవైపే మొగ్గే ఒప్పందాలను అన్యాయమైన ఒప్పందాలుగా వినియోగదారుల రక్షణ చట్టం 2019 గుర్తించింది. మైనర్ చేసే ఒప్పందం చెల్లదని 1903 నుంచీ మన కోర్టులు చెబుతూనే ఉన్నాయి. కాబట్టి అకాడమీ వాళ్లు మీ అమ్మాయితో పెట్టించుకున్న సంతకానికి విలువ లేదు.

అమెరికాలో బంధువులున్నవాళ్లు వేరే మాట విని ఉంటారు. అక్కడ వాషింగ్టన్ రాష్ట్రం 1989లో గుర్రపు స్వారీ నిర్వాహకుల బాధ్యతను తగ్గిస్తూ చట్టం చేసింది. తర్వాత టెక్సాస్ సహా చాలా రాష్ట్రాలు అదే దారిలో నడిచాయి. డాలస్ చుట్టుపక్కల గుర్రాల శాలకు వెళ్తే గోడ మీద పెద్ద అక్షరాలతో హెచ్చరిక బోర్డు కనిపించేది ఇందుకే. అయితే అక్కడ కూడా మినహాయింపులు ఉన్నాయి. పాడైన జీను ఇచ్చినా, ఎక్కే మనిషి అనుభవం ఎంతో కనుక్కోకుండా గుర్రాన్ని అప్పగించినా బాధ్యత తప్పదు. మన దగ్గర ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. మామూలు వినియోగదారుల చట్టం, క్రిమినల్ చట్టం, సివిల్ చట్టమే దిక్కు.

తెలుగు కుటుంబాలు కోర్టుకు వెళ్లిన సందర్భాలు ఉన్నాయా?

గుర్రాల విషయంలో కాదు కానీ, విహారంలో జరిగిన ప్రమాదం మీద పెద్ద తీర్పు ఒకటి ఉంది.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్‌ ఇంజినీరింగ్ కాలేజీకి చెందిన 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. పైనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలారు. తల్లిదండ్రులు ఆగలేదు. హిమాచల్ హైకోర్టు 2016 జనవరిలో ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అందులో 60 శాతం విద్యుత్ బోర్డు, 30 శాతం కాలేజీ, 10 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించాలని చెప్పింది.

ఇందులో మీరు గమనించాల్సింది ఆ 30 శాతం. నీళ్లు వదిలింది కాలేజీ కాదు. అయినా పిల్లలను తీసుకెళ్లినవాళ్లుగా వాళ్లకూ వాటా పడింది. రేపు మీ పిల్లల స్కూలు సమ్మర్ క్యాంపు పేరుతో గుర్రపు స్వారీకి తీసుకెళ్తే, ప్రమాదం జరిగినప్పుడు ప్రశ్న స్కూలుకూ వర్తిస్తుంది.

రెండో ఉదాహరణ మనల్ని కాస్త జాగ్రత్త పడమంటుంది. ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో 1997 జూన్ 13న జరిగిన అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. 2011లో సుప్రీంకోర్టు పరిహారాన్ని థియేటర్ యజమాని 85 శాతం, విద్యుత్ బోర్డు 15 శాతం చెల్లించాలంది. లైసెన్సు ఇచ్చిన పోలీసు అధికారులను, మున్సిపల్ కార్పొరేషన్‌ను మాత్రం పరిహారం నుంచి తప్పించింది. అంటే పర్మిషన్ ఇచ్చిన ఆఫీసు మీద కేసు వేసి డబ్బు రాబట్టడం తేలిక కాదు. నిర్వాహకుడి మీదే మీ దృష్టి ఉండాలి.

నిర్వాహకులను నమ్మి వదిలేస్తే ఏమవుతుంది?

దీనికి జవాబు మన నదుల్లోనే ఉంది. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర కృష్ణా నదిలో పర్యాటక బోటు బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. నియమాలు కఠినం చేస్తామని అప్పుడు అన్నారు. రెండేళ్లు తిరగకుండానే, 2019 సెప్టెంబర్ 15న, గోదావరి వరదలో దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది. 50 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే ప్రభుత్వం రాష్ట్రమంతటా బోట్లు ఆపేసి, అనుమతులన్నీ మళ్లీ పరిశీలించి, కంట్రోల్ రూమ్‌ల ఏర్పాటుకు పూనుకుంది.

వరద ఉన్నప్పుడు బోటు తీయాలా వద్దా అన్న నిర్ణయాన్ని టికెట్ డబ్బులు వచ్చేవాడికే వదిలేస్తే ఏమవుతుందో ఈ రెండు ప్రమాదాలూ చూపించాయి. అలసిన గుర్రాన్ని ఇంకో రౌండ్ తిప్పాలా వద్దా అన్నదీ అలాంటి నిర్ణయమే.

కన్స్యూమర్ కమిషన్‌లో ఫిర్యాదు ఎలా?

డబ్బు చెల్లించి సేవ పొందిన ప్రతి ఒక్కరూ వినియోగదారే. బీచ్‌లో ఒక రౌండుకు ఇచ్చిన వంద రూపాయలైనా, అకాడమీకి కట్టిన నెల ఫీజైనా లెక్కలోకి వస్తుంది. 2019 చట్టం ప్రకారం సేవలో లోపం అంటే నిర్లక్ష్యం కూడా. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా. ఆ గుర్రం ఇంతకుముందే ఇద్దరిని పడేసిందని మీకు చెప్పకపోతే అది రెండో రకం లోపం.

ఎక్కడ వేయాలి: మీరు సేవకు చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. చూసేది మీరు అడిగే పరిహారం కాదు, మీరు చెల్లించిన ధర. వంద రూపాయల రైడ్‌లో జరిగిన ప్రమాదానికి పది లక్షలు అడిగినా జిల్లా కమిషనే. ఈ పద్ధతి సరైనదేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో సమర్థించింది.

ఏ ఊళ్లో: ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. మీరు నివసించే జిల్లాలో కూడా వేయవచ్చు. శ్రీకాకుళం నుంచి విశాఖ చూడటానికి వచ్చినవాళ్లు శ్రీకాకుళంలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఫీజు ఎంత: చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు.

గడువు ఎంత: రెండేళ్లు. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని కమిషన్ క్షమించవచ్చు. కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. "క్లబ్ రిపోర్టు కోసం ఎదురుచూశాం" అన్నది అన్నిసార్లూ సరైన కారణం కాదు.

ఎలా వేయాలి: ఈ-జాగృతి పోర్టల్‌లో ఫోన్ నుంచే ఫిర్యాదు అప్‌లోడ్ చేయవచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. ముందుగా రాజీ ప్రయత్నం చేయాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయవచ్చు.

ఎన్నాళ్లు పడుతుంది: అవతలివాళ్లు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, గట్టి కారణం ఉంటే మరో 15 రోజులు. అంతకు మించి గడువు లేదు. ల్యాబ్ పరీక్షలు అవసరం లేని కేసు మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి. ఇద్దరూ ఒప్పుకుంటే కమిషన్ మీడియేషన్‌కు పంపుతుంది. చిన్న ప్రమాదాల్లో ఇది మంచి దారి.

ఉచిత లాయర్: మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత న్యాయ సాయం పొందవచ్చు. టోల్ ఫ్రీ నంబర్ 15100.

పోలీసు కేసు ఎప్పుడు?

గాయం పెద్దదైతే, ప్రాణం పోతే పోలీసులకు చెప్పడంలో ఆలస్యం చేయొద్దు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందులో మూడు సెక్షన్లు ఇక్కడ పనికొస్తాయి.

సెక్షన్ 291: తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

సెక్షన్ 125: నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణాలకు, భద్రతకు ముప్పు తేవడం. తీవ్ర గాయమైతే మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే.

సెక్షన్ 106: నిర్లక్ష్యం వల్ల మరణం. ఐదేళ్ల వరకు శిక్ష.

ప్రమాదం ఏ స్టేషన్ పరిధిలో జరిగిందో తెలియకపోయినా ఫర్వాలేదు. దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. అయితే ఒక మాట. క్రిమినల్ కేసు శిక్ష కోసం. పరిహారం ప్రధానంగా వినియోగదారుల కమిషన్ నుంచో సివిల్ కోర్టు నుంచో రావాలి. మరణం సంభవించినప్పుడు సివిల్ దావాకు గడువు కూడా రెండేళ్లే.

గాయపడింది గుర్రాలశాలలో పనిచేసే మనిషి లేదా జాకీ అయితే దారి వేరు. పనిలో ఉండగా జరిగిన ప్రమాదానికి యజమాని చెల్లించాల్సిన పరిహారం కార్మిక చట్టాల కిందకు వస్తుంది. కార్మిక శాఖ ఆఫీసులో అడగండి.

గుర్రం మనిషి దగ్గర డబ్బే లేకపోతే?

ఇది చాలామంది అడగని ప్రశ్న. కానీ అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక్క గుర్రంతో రోజూ కుటుంబాన్ని పోషించుకునే మనిషి మీద ఐదు లక్షల ఆర్డరు తెచ్చుకున్నా, వసూలు చేయడం కష్టం. ఆయన గుర్రాన్ని అమ్మేస్తే రెండు కుటుంబాలూ నష్టపోతాయి తప్ప మీ అబ్బాయి చేతికి ఫిజియోథెరపీ డబ్బులు రావు.

దీనికి పరిష్కారం కోర్టులో కంటే ముందే ఉంది. రైడ్ నడపడానికి అనుమతి ఇచ్చేటప్పుడే ఇన్సూరెన్స్, హెల్మెట్, పశువైద్యుడి సర్టిఫికెట్ తప్పనిసరి చేస్తే ప్రమాదం ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీ భరిస్తుంది. ఇంగ్లండ్‌లో గుర్రాలు అద్దెకిచ్చే ప్రతి కేంద్రానికీ స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. ఈ పద్ధతి అక్కడ 1964 నాటి చట్టం నుంచీ ఉంది.

మన దగ్గర ఎలా ఉందో తెలుసుకునే హక్కు మీకు ఉంది. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో జీవీఎంసీకి దరఖాస్తు పెట్టి ఈ నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. బీచ్‌లో గుర్రపు రైడ్‌లకు అనుమతి ఎవరు ఇస్తారు? ఏ షరతులతో ఇస్తారు? ఇన్సూరెన్స్ అడుగుతున్నారా? గత మూడేళ్లలో ఎన్ని ప్రమాదాలు నమోదయ్యాయి? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ విషయం తమ పరిధిలోది కాకపోతే, సంబంధిత శాఖకు దరఖాస్తును వాళ్లే పంపాలి.

ప్రమాదం జరిగిన ఇంటివాళ్లే కాదు, ఎవరైనా ఇది అడగవచ్చు. కాలనీ సంఘాలు అడిగితే ఇంకా మంచిది.

ప్రమాదం జరిగిన వెంటనే ఏం చేయాలి?

1. తల, మెడ, వెన్నుకు దెబ్బ తగిలిందనిపిస్తే లేపి కూర్చోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి. స్పృహ తప్పినా, వాంతి అయినా, మాట తడబడినా చిన్న దెబ్బే కదా అని ఇంటికి తీసుకెళ్లొద్దు.

2. కేజీహెచ్ అయినా, ప్రైవేటు ఆస్పత్రి అయినా డాక్టర్‌తో "గుర్రం మీంచి పడ్డాడు" అనే చెప్పండి. మొహమాటపడి "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయిస్తే కేసు అక్కడే సగం పోతుంది. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగండి.

3. జీను, పట్టీలు, కళ్లెం, ప్రమాదం జరిగిన చోటు ఫొటోలు తీయండి. హెల్మెట్ ఇవ్వలేదంటే అక్కడే ఉన్న మిగతా రైడర్ల ఫొటో కూడా ఉపయోగపడుతుంది.

4. డబ్బు యూపీఐలో చెల్లించి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి. అందులో తేదీ, సమయం, డబ్బు అందుకున్న పేరు ఉంటాయి. నగదు ఇచ్చి ఉంటే చూసినవాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి.

5. దగ్గర్లో సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ భద్రపరచమని పోలీసులకు అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వండి. చాలా కెమెరాల్లో పాత రికార్డింగు కొన్ని రోజులకే చెరిగిపోతుంది.

6. క్లబ్ లేదా అకాడమీ అయితే రెండు రోజుల్లోపు ఈమెయిల్ పంపండి. ఇన్సిడెంట్ రిజిస్టర్ కాపీ, గుర్రం ఆరోగ్య రికార్డు, ట్రైనర్ అర్హతలు, ఇన్సూరెన్స్ వివరాలు అడగండి. విచారణ జరిపితే రిపోర్టు ఇవ్వమనండి. ఇవ్వకపోతే ఆ మౌనం కూడా తర్వాత మీకు సాక్ష్యమే.

7. ఆస్పత్రి ఖర్చు ఇస్తామంటే తీసుకోవచ్చు. కానీ "ఇక ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద అప్పటికప్పుడు సంతకం పెట్టకండి. పిల్లల ఎముక సరిగ్గా అతికిందో లేదో తెలియడానికే వారాలు పడుతుంది.

8. మీ సొంత హెల్త్, యాక్సిడెంట్ పాలసీ చూడండి. కొన్నింట్లో ప్రమాదకర క్రీడలకు మినహాయింపు ఉంటుంది.

9. ప్రమాదం జరిగిన తేదీకి సరిగ్గా ఏడాదిన్నర తర్వాత ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. రాజీ మాటలు అప్పటికీ తేలకపోతే, ఇక ఆగకుండా ఫిర్యాదు వేయండి.

ఎక్కించే ముందు ఒక్క నిమిషం

హెల్మెట్ ఉందా, గడ్డం కింద పట్టీ బిగుతుగా ఉందా చూడండి. జీను కదిపి చూడండి. గుర్రం కుంటుతోందా, నోటి దగ్గర పుండ్లు ఉన్నాయా గమనించండి. కళ్లెం పట్టుకునే మనిషి రైడ్ మొత్తం పక్కనే నడుస్తాడా అని అడగండి. ఫొటో కోసం గుర్రం వెనక వైపు నిలబడకండి.

ఎండ కూడా చూడండి. బరువు మోసే జంతువులపై 1965 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య వాటితో పని చేయించకూడదు. రోజులో మొత్తం తొమ్మిది గంటలు మించకూడదు. ఇది గుర్రం మీద దయతో పెట్టిన నియమం. కానీ అలసి, దాహంతో ఉన్న గుర్రమే తేలిగ్గా బెదురుతుంది. దాని క్షేమంలోనే మీ పిల్లల క్షేమం ఉంది.

చివరగా

కేసు వేయడం అంటే పగ పట్టడం కాదు. కమిటీ విచారణకు ఒప్పుకోవడం అంటే లొంగిపోవడమూ కాదు. నిర్వాహకులు నిజాయితీగా విచారించి, రిపోర్టు మీ చేతిలో పెట్టి, ఖర్చు భరించి, లోపం సరిదిద్దితే కోర్టు మెట్లు ఎక్కాల్సిన అవసరం రాకపోవచ్చు. అది జరగనప్పుడు వాళ్లను బయటివాళ్ల ముందు జవాబు చెప్పించే దారి ఒకటి ఉందని మీకు తెలిసి ఉండాలి. అది ఉందని వాళ్లకూ తెలిసినప్పుడే "మేం చూసుకుంటాం" అన్న మాటకు బరువు వస్తుంది.

వచ్చే ఆదివారం బీచ్‌కి వెళ్లినప్పుడు పిల్లలు గుర్రం ఎక్కుతామంటే వద్దనాల్సిన పని లేదు. "హెల్మెట్ ఉందా?" అని మాత్రం ముందే అడగండి. పది మంది అడిగితే పదకొండో మనిషి వచ్చేసరికి అది అక్కడ ఉంటుంది.